ఉత్తేజానికి మన్నిక పత్రం

మా జిల్లాలో ఒక కల్వర్టు ప్రారంభోత్సవం నాడే కూలిపోయింది. రిబ్బను కత్తిరించిన పెద్దాయన కారెక్కారో లేదో, కల్వర్టు కాలవలోకి దిగిపోయింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. కాని పత్రికల్లో ఫొటో పడింది. కల్వర్టు కూలినందుకు బాధపడనివాళ్ళు కూడా ఫొటో పడినందుకు చాలా బాధపడ్డారు. వారం తిరక్కుండా రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చేసింది.

"ప్రజాధనముతో నిర్మింపబడిన ప్రతి కట్టడమును, సాధింపబడిన ప్రతి ఫలితమును కనీసము ఐదు సంవత్సరముల పాటు మన్నవలెను. సదరు మన్నిక పత్రము జతపరచనిదే ఏ పనియు పూర్తి అయినట్లు పరిగణింపబడదు."

కల్వర్టులు కట్టేవాళ్ళ కోసం రాసిన ఉత్తర్వు అది. కాని రాసినాయన ఊపులో ఉన్నట్టున్నాడు, "ప్రతి ఫలితమును" అని ఒక ముక్క ఎక్కువ తగిలించాడు. ఆ ముక్క పట్టుకుని ఉత్తర్వు ప్రతి ఒకటి విజయనగరం దాటాక కొండవాలులో ఉన్న మా పదార్థ విజ్ఞాన పరిశోధనా సంస్థకి కూడా వచ్చింది. మేము కల్వర్టులు కట్టం. మా ప్రహరీగోడే సగం కట్టి వదిలేశారు. ఇది మాకు వర్తించదని ఒక్క వాక్యం రాసి పంపితే అయిపోయేది. కాని వర్తించదని రాసినవాడు కింద సంతకం పెట్టాలి. వర్తిస్తుందని ఒప్పుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. కాబట్టి వర్తించింది.

నా పేరు బెహరా. ఈ సంస్థ గొప్పతనం గురించి పత్రికలకి రాసి పంపడం నా ఉద్యోగం. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఏ పత్రికకీ పంపలేదు.

మా డైరెక్టరు డాక్టర్ విశ్వభూషణ్ గారికి ఏ ఉత్తర్వు వచ్చినా ఒంట్లో కొత్త రక్తం పడుతుంది. అంతకుముందు ఏడాది పచ్చదనం ఉత్తర్వు వస్తే ప్రయోగశాలల్లో కూడా తులసి కుండీలు పెట్టించారు. ఈసారి గుమ్మం మీద "శాశ్వతత్వం వైపు మన పయనం" అని బ్యానరు కట్టించారు. ఉదయాన్నే అందరం వరసగా నిలబడి మన్నిక ప్రతిజ్ఞ చెయ్యాలి. మన్నిక విభాగం అని ఒక గది తెరిచి, పాత సైకిల్ స్టాండు బోర్డు వెనక్కి తిప్పి దాని మీదే పేరు రాయించారు.

ఆ తరవాత ఒక్కొక్కరే వచ్చి తమ ఫలితం ఎన్నేళ్ళు మన్నుతుందో చెప్పుకోవాల్సి వచ్చింది. అద్దాలు చేసే విభాగం వాళ్ళు పగలకపోతే ఉంటాయన్నారు. లెక్కల విభాగంలో ముసలి ప్రొఫెసరు గారొకరు మాత్రం సునాయాసంగా గట్టెక్కారు. ఆయన సిద్ధాంతం అచ్చయి నలభై ఏళ్ళయింది, ఇంతవరకు ఎవరూ తెరిచి చూడలేదు, అందువల్ల ఎక్కడా అరగలేదు.

గేదెల వకుళ వంతు వచ్చేసరికి అసలు కథ మొదలైంది.

వకుళది బొబ్బిలి దగ్గర పల్లె. మా దగ్గర పరిశోధక విద్యార్థిని. ఆ అమ్మాయి పని నాకు అర్థమైనంత మేరకు చెప్తాను. రెండు స్ఫటికాలు అతికించిన చోట, మధ్యలో ఎలక్ట్రాన్లు ఒక పలచటి పొరగా చిక్కుకుని ఉంటాయి. వాటికి పైకి ఎగరడం లేదు, కిందికి దిగడం లేదు, అటూ ఇటూ తిరగడమే. ఆ పొరని కొంచెం కదిలిస్తే లోపల చిన్న అలజడి పుడుతుంది. దాన్నే ఉత్తేజం అంటారు. కాసేపు ఉండి చల్లారిపోతుంది. ఆ కాసేపు ఎంతసేపు అన్నదే వకుళ థీసిస్. ఎవరూ అంత కచ్చితంగా కొలవని దాన్ని ఆమె కొలిచింది. ఆ అంకె చూసి బెంగుళూరులో ఒక పెద్ద ప్రయోగశాల ప్రొఫెసరమ్మ, మా దగ్గరికి వచ్చెయ్యి, ఇక్కడి కొలతలన్నీ నీకే అప్పగిస్తాను అని ఉద్యోగం ఇచ్చింది. ఒకటే షరతు: జూన్ నెలాఖరుకి డిగ్రీ చేతికి రావాలి. రాకపోతే ఉద్యోగం తరవాతి వాళ్ళకి పోతుంది.

డిగ్రీ రావాలంటే థీసిస్ పరీక్షకుల దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాలంటే మొదటి పేజీగా మన్నిక పత్రం కుట్టించాలి. ఆమె గైడు సర్వేశం గారు ఉత్తర్వు చదివిన మధ్యాహ్నమే నడుం నొప్పని సెలవు పెట్టేశారు. అందుకని ఆ అమ్మాయి ఒక్కతే రిజిస్ట్రారు నరహరిరాజు గారి ముందు నిలబడింది. పత్రికలకి ఏమైనా పనికొస్తుందేమోనని నన్నూ కూచోబెట్టారు.

"అమ్మాయ్, నీ ఉత్తేజం ఎన్నేళ్ళు మన్నుతుంది?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"ఏళ్ళలో కాదండి."

"పోనీ నెలల్లో చెప్పు."

"సెకనుని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్ళీ వెయ్యి చేస్తే వస్తాది కదండీ, ఇంచుమించు అంత. కచ్చితమైన అంకె థీసిస్‌లో ఉంది."

"ఇక్కడ కాలమ్‌లో ఏళ్ళు అని ఉంది. ఏళ్ళలో చెప్పు. రౌండ్ ఫిగర్."

"రౌండు చేస్తే సున్నా అయిపోతాదండి."

ఆయన నింపాదిగా సున్నా వేశారు. వేసి దాన్ని ఓసారి తేరిపార చూశారు. "సున్నా ఏళ్ళు మన్నేదాన్ని పరిపాలనా పరిభాషలో లేనిది అంటారమ్మా. లేనిదాని మీద ఇంత లావు థీసిస్ రాశావా?"

"ఉందండి. ఉన్నంతసేపూ ఉంది. పైగా మామూలు వాటికంటే వందరెట్లు ఎక్కువసేపు ఉంది. అదే మేం కనిపెట్టింది."

వందరెట్లు అన్న మాట పక్కగదిలో ఉన్న డైరెక్టరు గారి చెవిన పడింది. ఆయన చెవికి పెద్ద అంకెలు గోడల్లోంచి కూడా వినిపిస్తాయి. పరుగున వచ్చి, "వందరెట్లా! దేశంలో ఇంతవరకు మన్నిక వందరెట్లు పెంచిన సంస్థ ఉందా? వెంటనే నిపుణుల కమిటీ వెయ్యండి" అన్నారు. మన్నిక విషయంలో నిపుణులంటే మా చుట్టుపక్కల ఉన్నది ఒక్కరే. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పైడినాయుడు గారు. కాలవలోకి దిగిన ఆ కల్వర్టుకి మన్నిక పత్రం ఇచ్చింది ఆయనే కాబట్టి, అనుభవం కూడా ఉంది.

పైడినాయుడు గారు చిన్న సుత్తి ఒకటి పట్టుకుని, డైరెక్టరు గారూ రిజిస్ట్రారు గారూ వెంట రాగా ప్రయోగశాలకి వచ్చారు. వచ్చీరాగానే మనిషంత ఎత్తున్న శీతల యంత్రాన్ని టంగుమని ఒకటి కొట్టారు. వకుళ ప్రాణం పోయినట్టు అరిచింది.

"ఏటమ్మా, కొడితేనే కదా బలం తెల్సీది! గోడ గానీ, స్లాబు గానీ, మొదట సుత్తితో పలకరించాల."

"ఇది స్లాబు కాదండి. లోపల పరమాణువంత మందం పొర ఉంది."

"అంత పల్చనా? కంట్రాక్టరెవరు?" అని నొసలు చిట్లించి, "నీళ్ళు పడతన్నారా? క్యూరింగు ఎలా చేస్తన్నారు?" అనడిగారు.

"ద్రవ హీలియంలో ముంచి ఉంచుతామండి. చాలా చల్లగా ఉంటాది."

"నీళ్ళకంటే చల్లనా?"

"చాలా, చాలా చల్లనండి."

"అయితే క్యూరింగు బావుంది" అని పుస్తకంలో రాసుకున్నారు. ఆ రోజు మా సంస్థకి దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

"ఏదమ్మా, ఉత్తేజాన్ని బయటికి రమ్మను, చూస్తాం" అన్నారు రిజిస్ట్రారు గారు. వకుళ మీట నొక్కింది. తెర మీద పచ్చగీత ఒకటి చిన్నగా ఉబ్బి, మళ్ళీ నేలకి వాలిపోయింది.

"ఎక్కడ?"

"పుట్టి పోయిందండి."

డైరెక్టరు గారు అలవాటు కొద్దీ తల వంచుకుని మౌనం పాటించారు. ఆయన వంచుకున్నారని రిజిస్ట్రారు గారు కూడా వంచుకున్నారు. పైడినాయుడు గారికి మాత్రం ఇలాంటి చావులు అలవాటే. "దీనికెందుకు సార్ బెంగ? ఒకటి పోగానే ఇంకోటి పుట్టించీమనండి. రోడ్డు మీద గొయ్యి పూడ్చినట్టు పూడ్చుకుంటా పోతే ఐదేళ్ళూ గడిచిపోతాయి" అన్నారు.

డైరెక్టరు గారి ముఖం వెలిగింది. రిజిస్ట్రారు గారే అడ్డుపడ్డారు. "అది కుదరదండి. మొదటిది పోయాక రెండోది పుట్టేదాకా మధ్యలో ఖాళీ ఉంటుంది. సర్వీసులో బ్రేకు వచ్చినట్టే. బ్రేకు వస్తే వెనకటి సర్వీసు లెక్కలోకి రాదు." ఈ ఒక్క సూత్రం మీద ఆయన తన ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఎంతమంది తాత్కాలిక ఉద్యోగులని పర్మనెంటు కాకుండా ఆపారో మా అందరికీ తెలుసు. ఎలక్ట్రాన్లకి మాత్రం మినహాయింపు ఎందుకిస్తారు?

"అసలు ఎందుకు పోతోందమ్మా?" అన్నారు డైరెక్టరు గారు.

అది అడగ్గానే వకుళ ముఖం మారిపోయింది. అన్నాళ్ళలో ఆమెని ఎవరూ అడగని ప్రశ్న అది. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుంది.

"రెండు రకాలండి. రెండు వైపులా సమానంగా ఉన్న అలజడి తొందరగా పోతాది. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉన్న వంకర అలజడి చాలాసేపు ఉంటాది. ఈ పొరలో ఎలక్ట్రాన్లకి పైకీ కిందకీ తప్పుకోడానికి లేదు కదండీ. గుద్దుకుంటే ఎక్కువగా ఎదురెదురుగానే గుద్దుకుంటాయి. తూర్పుకి పోయేదొకటి, పడమరకి పోయేదొకటి గుద్దుకున్నాయనుకోండి. రెండూ దారి మారి, ఒకటి ఉత్తరానికీ ఒకటి దక్షిణానికీ పోతాయి. తూర్పు లెక్కలో ఒకటి తగ్గింది, పడమర లెక్కలో ఒకటి తగ్గింది. తేడా ఎంతుందో అంతే ఉంది కదా. అందుకని సమానంగా ఉన్నది చెదిరిపోతాది. తేడా మిగిలిపోతాది. ఈ రెండింటికీ ఎంత వ్యత్యాసమో కొలిచింది మన దగ్గరేనండి."

నాకు జన్మలో మొదటిసారి భౌతికశాస్త్రం అర్థమైంది. అంత సంతోషం వేసింది. డైరెక్టరు గారికి కూడా అర్థమైంది. అదే మా కొంప ముంచింది.

మర్నాడు ఉత్తర్వు అంటించారు. "ఎదురెదురు ఘర్షణయే సకల వినాశనమునకు మూలమని మన సంస్థ శాస్త్రీయముగా నిరూపించినది. సంస్థ వాతావరణము పదార్థముపై ప్రతిబింబించును. కావున నేటి నుండి ఈ భవనమునందు ఎవ్వరును ఎవ్వరికిని ఎదురు రారాదు." దాని తెలుగు, హిందీ, ఇంగ్లీషు ప్రతులు శీతల యంత్రం తలుపు మీద కూడా అంటించారు. ఎలక్ట్రాన్లకి ఏ భాష వచ్చో రిజిస్ట్రారు గారికి తెలియక మూడూ అంటించారు.

మా భవనం చదరంగా ఉంటుంది, నాలుగు వైపులా వరండా. ఇక అందరూ కుడిచేతి వైపే తిరగాలి. డైరెక్టరు గారి గదీ రిజిస్ట్రారు గారి గదీ పక్కపక్కనే అయినా, బెల్లు కొట్టగానే రిజిస్ట్రారు గారు భవనం మొత్తం ప్రదక్షిణ చేసి ఆయాసపడుతూ వచ్చేవారు. వచ్చేలోపు ఎందుకు పిలిచారో డైరెక్టరు గారు మరిచిపోయేవారు. క్యాంటీను నుంచి మా గదికి నాలుగడుగులు. కాని ఆ నాలుగడుగులూ ఎడంవైపు. ఇడ్లీలు మూడు మూలలు తిరిగి వచ్చేసరికి చట్నీ మీద పొర కట్టేది. పొద్దున్న వచ్చినవాళ్ళు సాయంత్రం అదే గుమ్మంలోంచి బయటికి వెళ్ళడం ఎదురు రావడం కిందికి వస్తుందా రాదా అని స్పష్టీకరణ కోరుతూ రిజిస్ట్రారు గారు డైరెక్టరు గారికి రాశారు. జవాబు వచ్చేదాకా అందరం వెనకగుమ్మంలోంచి, బొగడచెట్ల మధ్య నుంచి, సగం కట్టిన ప్రహరీగోడ దూకి ఇళ్ళకి పోయేవాళ్ళం. ప్రసాదరావు గారని మా అకౌంట్సు ఆయనకి అందులో మడమ బెణికింది.

మే నెల వచ్చేసింది. వకుళ మళ్ళీ కొలిచింది. అంకె మారలేదు. దశాంశం కూడా కదల్లేదు.

"ఎలక్ట్రాన్లు ఉత్తర్వు చదవలేదా?" అని డైరెక్టరు గారు నిజంగానే నొచ్చుకున్నారు.

"సార్, నా మాట వినండి" అంది వకుళ. కోపం వచ్చేసింది ఆమెకి. "నేను కనిపెట్టింది ఆ అంకేనండి. అది పెరగక్కర్లేదు, తగ్గక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా థీసిస్. నా కాలమ్‌లో నా అంకె రాసీండి చాలు."

"కాలమ్ ఐదేళ్ళ నుంచి మొదలవుతుందమ్మా" అన్నారు రిజిస్ట్రారు గారు చాలా ప్రేమగా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకి ఆ అమ్మాయి మీద కోపం లేదు, నా మీద లేదు, ఎవరి మీదా లేదు. కోపం లేని మనిషితో ఎలా పోట్లాడతాం?

"అయితే పెంచే ఉపాయమే లేదా?" అన్నారు డైరెక్టరు గారు.

ఆమె నిజాయితీగల మనిషి. అడిగిన దానికి జవాబు చెప్పేస్తుంది. "ఇంకా చల్లబరిస్తే పెరుగుతాదండి. కాని ఐదేళ్ళుండాలంటే కావలసినంత చల్లదనం ఎక్కడా దొరకదు."

"దొరకదని మనమెలా అనుకుంటాం? టెండరు పిలవండి."

చల్లదనం సరఫరాకి టెండరు పిలిచారు. నలుగురు వేశారు. అందరికంటే తక్కువ ధరకి భీమిలి వైపు నుంచి ఒక ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు వేశారు. చేపల మీద పరిచే ఐసు లారీడు తెచ్చి ప్రయోగశాల గుమ్మంలో దింపి, చలానా మీద సంతకం పెట్టించుకుని పోయారు. సాయంత్రానికి కరిగి, ఎదురు రాకూడదన్న ఉత్తర్వుకి లోబడి కుడిచేతి వరండాలోంచే పారింది. రెండు రోజులు కొండవాలు పిల్లులన్నీ మా సంస్థలోనే కాపురం పెట్టాయి.

ఆఖరి సమావేశం జూన్ మొదట్లో జరిగింది. పైడినాయుడు గారు చాలా విసుగ్గా ఉన్నారు. ఆయనకి అవతల ఇంకో కల్వర్టు కాసుకుని ఉంది. "అమ్మా, ఒకటే అడుగుతాను. అన్నిటికంటే చల్లన, ఇంక దానికి కింద చల్లన లేదనే చోటు ఒకటుంటాది కదా?"

"ఉందండి. దాన్ని పరమశూన్యం అంటాం."

"అక్కడైతే ఎన్నేళ్ళుంటాది?"

"అక్కడైతే సిద్ధాంతం ప్రకారం ఎప్పటికీ పోదండి. కాని..."

రిజిస్ట్రారు గారు కలం మూత తీశారు.

"ఎప్పటికీ అన్నావు కదమ్మా?"

"కాని అక్కడికి ఎవరూ చేరలేరండి. ఎన్నాళ్ళు చల్లబరిచినా చేరలేరు. అది ప్రకృతి నియమం."

"చేరలేకపోవడం పరిపాలనాపరమైన సమస్య" అన్నారాయన. "మన్నికకి సంబంధించిన సమస్య కాదు." అని కాలమ్‌లో పాత సున్నా కొట్టేసి గుండ్రటి అక్షరాలతో "శాశ్వతము" అని రాశారు.

"దాని పక్కన పరమశూన్యం దగ్గర మాత్రమే అని కూడా రాయండి సార్."

"చోటు లేదమ్మా. చూడు, ఒక్క మాటకే ఉంది చోటు."

నిజంగానే లేదు. కల్వర్టుల కోసం అచ్చేసిన కాగితం అది. కింద విద్యార్థి సంతకం పెట్టాలి. వకుళ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. గోడ మీద క్యాలెండరులో జూన్ నెల గాలికి కొట్టుకుంటోంది. ఈ సంతకం పెడితే డిగ్రీ, బెంగుళూరు. పెట్టకపోతే బొబ్బిలి బస్సు. డైరెక్టరు గారు, రిజిస్ట్రారు గారు, అందరూ చిరునవ్వులతో ఎదురుచూస్తున్నారు. పైడినాయుడు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, తండ్రిలా నెమ్మదిగా చెప్పారు.

"పెట్టీయమ్మా. సంతకమే కదా! నేను ఎన్ని కల్వర్టులకి పెట్టలేదు?"

ఆమె పెట్టింది. పెట్టి, కళ్ళు తుడుచుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఇక పనులు చకచకా జరిగిపోయాయి. థీసిస్ మొదటి పేజీగా మన్నిక పత్రం కుట్టించారు. నల్లరాతి మీద "శాశ్వత ఉత్తేజము, ఇచ్చట" అని చెక్కించి ప్రయోగశాల గుమ్మంలో పాతారు. పరీక్షకి పై ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసరు గారికి సాయంత్రం రైలు ఉంది. మొదటి పేజీ తిప్పి, "శాశ్వతమా? శుభం" అని లేచారు. వకుళ జవాబులన్నీ సిద్ధం చేసుకుని వచ్చింది, పాపం. ఒక్కటీ అడగలేదాయన. స్టేషనుకి కారు మాత్రం రెండుసార్లు అడిగారు. నెలాఖరు లోపు డిగ్రీ చేతికి వచ్చేసింది. డైరెక్టరు గారు స్వయంగా లడ్డూ నోట్లో పెట్టారు.

థీసిస్ ప్రతి ఒకటి బెంగుళూరు పంపింది వకుళ. జవాబు కోసం రోజూ మా గదికి వచ్చేది, కుడిచేతి వైపు మూడు వరండాలూ తిరిగి. వచ్చిన జవాబు నా కంప్యూటరు మీదే చదివింది. ఆ ప్రొఫెసరమ్మ ఎక్కడా పరుషంగా రాయలేదు.

"రెండో పేజీ నుంచి చివరిదాకా మీ కొలతల్లో నాకు ఒక్క తప్పు కనబడలేదు. కాని మొదటి పేజీ మీద కూడా మీ సంతకమే ఉంది. మా దగ్గర కొలిచేవాళ్ళ మాట మీద మిగతా అందరూ పని చెయ్యాలి. రెండు మాటల్లో ఏది మీదో నేను తేల్చుకోలేకపోతున్నాను. క్షమించండి."

వకుళ రెండుసార్లు చదివింది. "ఆవిడ రాసింది కరెక్టే సార్" అంది. నాకు మాత్రం ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది. కొట్టడానికి మా సంస్థలో ఎవరూ ఎదురు రారు.

డైరెక్టరు గారికి విషయం తెలిసి చలించిపోయారు. "బెంగుళూరు వాళ్ళకి శాశ్వతత్వం విలువ తెలియదు. మనకి తెలుసు" అని, వకుళకి మన్నిక విభాగంలో అధికారిణిగా ఉద్యోగం ఇప్పించారు. పర్మనెంటు పోస్టు. సర్వీసులో బ్రేకు రాకుండా అదే రోజు చేరమన్నారు. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళ చదువులున్నాయి, ఆమె చేరింది. సైకిల్ స్టాండు బోర్డు కింద ఒక బల్ల, ఒక కుర్చీ, కల్వర్టు కాగితాల కట్ట ఒకటి ఇచ్చారు.

మొదటి అర్జీ పట్టుకుని మజ్జి దివాకర్ అని ఒక పరిశోధక విద్యార్థి వచ్చాడు. అతనిది మెరుపులాంటి ఏదో వెలుగు, క్షణంలో ఆరిపోతుంది. శాశ్వతము అని రాసేసి, సంతకం దగ్గర కలం పట్టుకుని నిలబడ్డాడు. నేను అక్కడే కూచుని టీ తాగుతున్నాను.

"నువ్వు కొలిచింది ఎంత?" అంది వకుళ.

అతను చెప్పాడు.

"అయితే ఇదేటి రాశావు? పెట్టకు సంతకం."

"మరి నా డిగ్రీ, మేడమ్?"

"డిగ్రీ వస్తాది బాబూ. ఆ తరవాత నువ్వు ఏ అంకె చెప్పినా ఎవరూ నమ్మరు."

అతను కలం జేబులో పెట్టుకుని, కాగితం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అతని వెనక వచ్చినవాళ్ళు కూడా అలాగే వెళ్ళిపోయారు. ఆ తరవాత ఏడాదంతా మా సంస్థ నుంచి ఒక్క ఫలితం కూడా బయటికి రాలేదు. రానిది కూలదు, కరగదు, ఆరిపోదు. రాష్ట్రం మొత్తం మీద ఐదేళ్ళ లోపు పాడైపోయిన ఫలితం ఒక్కటీ లేని సంస్థ మాదేనని తేలింది. మన్నికకి రాష్ట్రంలో ప్రథమ బహుమతి వచ్చింది.

బహుమతి ఇవ్వడానికి కల్వర్టు రిబ్బను కత్తిరించిన పెద్దాయనే వచ్చారు. డైరెక్టరు గారు శాశ్వతత్వం గురించి చాలాసేపు మాట్లాడారు. తరవాత మన్నిక అధికారిణిని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఆమె చెవిలో "రెండు ముక్కలు చెప్పమ్మా" అన్నారు.

వకుళ మైకు దగ్గరికి వచ్చింది. అందరికీ నమస్కారం పెట్టింది. పెట్టి, తన ఉత్తేజం ఎంతసేపు బతికిందో ఆ అంకె చెప్పింది, దశాంశాలతో సహా, ఒక్కొక్క అంకే విడదీసి, స్పష్టంగా. ఇంకేమీ చెప్పకుండా వెళ్ళి తన కుర్చీలో కూచుంది.

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పెద్దాయన పక్కకి వంగి, "ఏమిటది, ఫోను నెంబరా?" అని అడిగారు. రిజిస్ట్రారు గారు అవునన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.